నల్లగొండ నల్లగా ఉంది కాబట్టి లావాయేనా? (దక్కన్ నాపలు, సహ్యాద్రి, మన గుట్టల పేర్లు)

గ్రూప్స్ గది 7
అందరికీ నమస్కారం. నల్లగొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాను. మొన్న ఒక కోచింగ్ సెంటర్‌లో మాక్ టెస్ట్ రాసి వచ్చాక నాకూ నా రూమ్మేట్‌కూ రాత్రి పన్నెండు దాకా గొడవ. వాడి వాదన ఇది. దక్కన్ పీఠభూమి లావాతో ఏర్పడింది. నల్లగొండ ఆ పీఠభూమి మీదే ఉంది. లావా రాయి నల్లగా ఉంటుంది, మన ఊరి పేరులోనే నల్ల కొండ ఉంది. కాబట్టి లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్ట రెండూ చల్లారిపోయిన అగ్నిపర్వతాలే! వినడానికి బాగానే ఉంది కానీ ఎక్కడో తేడా కొడుతోంది.

ఇంకో రెండు డౌట్లు కూడా తీర్చండి. తెలుగు పుస్తకంలో దక్కన్ నాపలు అని ఉంది, ఇంగ్లిష్ మీడియం వాళ్ల పుస్తకంలో డెక్కన్ ట్రాప్స్ అని ఉంది. ట్రాప్ అంటే ఉచ్చు కదా, ఎవరిని పట్టడానికి? నాప అంటే మా ఇంట్లో పరిచిన తాండూరు బండలేనా? సహ్యాద్రి, పశ్చిమ కనుమలు, దక్కన్ నాపలు, ఈ మూడూ ఒకటేనా వేరువేరా? పరీక్ష దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

పానగల్లు పోరడు
మే నెల మధ్యాహ్నం రెండింటికి క్లాక్ టవర్ దగ్గర నిలబడు తమ్మీ. చల్లారిందో లేదో నీకే తెలుస్తది.

రిటైర్డ్ భూగోళం
పాలమూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పి రిటైరైన వాణ్ణి. బాబూ, మీ రూమ్మేట్ తర్కం బాగుంది, మొదటి మెట్టే విరిగింది. దక్కన్ పీఠభూమి అంతా లావా కాదు. పీఠభూమి పెద్దది, లావా దానిలో ఒక భాగం మీదే పరుచుకుంది. మహారాష్ట్రలో ఎక్కువ భాగం, గుజరాత్, మధ్యప్రదేశ్‌లలో కొంత, ఉత్తర కర్ణాటకలో కొంత. తెలంగాణకు వచ్చేసరికి పడమటి అంచు, ఉత్తరపు అంచు మాత్రమే తగులుతుంది. వికారాబాద్, పరిగి, జహీరాబాద్ వైపు, అటు ఆదిలాబాద్ వైపు. నల్లగొండ దాకా ఆ లావా పొర లేదు.

మీ గుట్టలు రెండూ గ్రానైటే. అది కూడా ఒకప్పుడు కరిగిన శిలాద్రవమే కానీ బయటికి పొంగలేదు. భూమి లోపలే కొన్ని కిలోమీటర్ల లోతున నిదానంగా గడ్డకట్టింది. నిదానంగా చల్లారింది కాబట్టి గింజలు పెద్దవి, కంటికి కనబడతాయి. లావా బయటికొచ్చి తొందరగా చల్లారుతుంది కాబట్టి గింజ కనబడదు, నున్నగా నల్లగా ఉంటుంది. అదే బసాల్ట్. వయసు చూస్తే ఇంకా పెద్ద తేడా. మన గ్రానైట్లకు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దక్కన్ లావాకు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. తాతకూ మునిమనవడికీ ఉన్నంత కూడా కాదు, అంతకన్నా చాలా ఎక్కువ.

మరి నల్లగా ఎందుకు కనబడుతుందంటే, ఆ నలుపు తోలు మీదిదే. వాన నీళ్లు కారిన చోటల్లా నాచు, లైకెన్ పట్టి చారలు చారలుగా నల్లబడుతుంది. ఎక్కడైనా కొత్తగా పగిలిన బండను చూడు, లోపల తెలుపో, బూడిద రంగో, గులాబీ రంగో ఉంటుంది.

ఎదురు మంచం
నేనే ఆ రూమ్మేట్‌ను. పేరు పెట్టినవాళ్లు పిచ్చోళ్లా సార్? నల్ల కొండ అని ఊరికే అంటారా?

రిటైర్డ్ భూగోళం
పిచ్చోళ్లు కాదు నాయనా. వాళ్లు దూరం నుంచి చూసి పేరు పెట్టారు, పగలగొట్టి చూసి కాదు. పైగా మీ ఊరి పాత పేరు నీలగిరి అంటారు. నలుపు, నీలం రెండూ దూరపు కొండకు మనవాళ్లు వాడే రంగులే. తమిళనాడు నీలగిరులు కూడా లావా కాదు మరి. నల్లమల చూడు, అచ్చంపేట దాటి అమ్రాబాద్ ఎక్కితే ఆ పేరులోనూ నల్ల ఉంది. అక్కడి రాయి ఎక్కువగా క్వార్ట్‌జైట్, షేల్. అంటే ఎప్పటిదో ఇసుక, బురద గట్టిపడి అయిన రాయి. ఆ నలుపు అడవిది అని మా మేష్టారు చెప్పేవారు. నేనూ పిల్లలకు అదే చెప్పాను.

ఎదురు మంచం
అంటే నల్ల అని పేరున్నవేవీ లావా కాదా?

పానగల్లు పోరడు
నల్ల బెల్లం కూడా కాదు.

తాండూరు బండ
నాప సంగతి నన్ను చెప్పనివ్వండి, మాది బండల వ్యాపారం. తాండూరు నాపరాయి లావా కాదు, సున్నపురాయి. ఎప్పుడో నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. అందుకే ఉలి పెట్టి కొడితే పలకలు పలకలుగా లేస్తుంది. నీలం బండ, పసుపు బండ రెండూ అంతే. కర్ణాటక వైపు ఇదే రాయిని షాబాద్ బండ అంటారు. మీ ఇంట్లో పరిచింది అదే అయితే మీరు లావా మీద నడవడం లేదు, నిశ్చింతగా ఉండండి.

పుస్తకంలో లావాకు నాపలు అని ఎవరు పెట్టారో కానీ మా గిరాకీలు కూడా ఒకరిద్దరు, ఇది అగ్నిపర్వతం రాయట కదా, వేడి చేస్తుందా అని అడిగారు.

గ్రూప్స్ గది 7
అయితే పుస్తకం తప్పా అన్నా? పరీక్షలో దక్కన్ నాపలు అనే వస్తుంది.

రిటైర్డ్ భూగోళం
తప్పు అనను. పొరలు పొరలుగా పరుచుకున్నదనే అర్థంలో నాపలు అని ఉంటారు. కానీ అసలు పేరులో ఉన్న బొమ్మ పోయింది. ట్రాప్ అంటే ఇక్కడ ఉచ్చు కాదు. స్వీడిష్ భాషలో ట్రప్పా అంటే మెట్లు. ఒకదాని మీద ఒకటిగా లావా పరుపులు పడి, అంచులు అరిగి, కొండ వాలు మెట్లు మెట్లుగా కనబడుతుంది. ఐరోపాలో అలాంటి రాళ్లకు ముందే ఆ మాట వాడేవారు. మన దగ్గర 1830లలో సైక్స్ అనే ఆంగ్ల సైనికాధికారి పశ్చిమ దక్కన్‌లో తిరిగి రాసినప్పుడు ఆ పేరు ఇక్కడి రాయికి అంటుకుంది. దక్కన్ అన్నది దక్షిణం నుంచి వచ్చిన దక్ఖిన్. కాబట్టి డెక్కన్ ట్రాప్స్ అంటే దక్షిణాది మెట్లు అనుకో.

ఇంకో తమాషా. పశ్చిమ కనుమలను వెస్టర్న్ ఘాట్స్ అంటారు కదా. ఘాట్ అంటే? నది రేవులో మెట్లు. కొండ దాటే దారిని కూడా ఘాట్ అంటారు, మన ఘాట్ రోడ్డు అదే. తెల్లవాళ్లు దారి పేరును కొండలకే పెట్టేశారు. ఒక పేరు స్వీడన్ మెట్లు, ఇంకో పేరు మన మెట్లు, రెండూ వచ్చి ఒకే కొండ మీద కూర్చున్నాయి. తెలుగులో కనుమ అని చక్కగా పెట్టుకున్నాం, అదీ రెండు కొండల నడుమ దారే. సహ్యాద్రి ఒక్కటే కొండకు కొండగా ఉన్న పేరు.

ఇక మూడూ ఒకటేనా అన్నావు. కాదు. పశ్చిమ కనుమలు గుజరాత్ సరిహద్దు నుంచి కన్యాకుమారి వైపు దాదాపు 1,600 కిలోమీటర్లు. అందులో ఉత్తర భాగం, గోవా, బెళగావి దాకా లావా. అక్కడి నుంచి దక్షిణానికి పాత నైస్, చార్నకైట్ రాళ్లు. లావా అయితే కనుమల దగ్గర ఆగలేదు, తూర్పుకు మైదానంలా పరుచుకుంది. సహ్యాద్రి దగ్గర దాని మందం రెండు కిలోమీటర్ల వరకు ఉంటుంది. తూర్పుకు వచ్చేకొద్దీ పల్చబడి మన వికారాబాద్ దగ్గర అంచు రొట్టెలా అయిపోతుంది. ఇప్పటికీ మిగిలింది దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు.

పరీక్షకు ఇంకో మాట. సహ్యాద్రి శంకువు ఆకారంలో ఉండే అగ్నిపర్వతాల వరస కాదు. లావా పగుళ్ల గుండా పొంగి చదునుగా పారింది. ఆ చదును పడమటి అంచు విరిగి, అరిగి కొండల వరసలా నిలబడింది. అంటే కొండ అని మనం అంటున్నది నిజానికి ఒక గోడ.

దేవరకొండ టీచరమ్మ
సార్, ఈ ఒక్క పోస్టును మా తొమ్మిదో తరగతికి చదివి వినిపిస్తాను, అనుమతి ఇవ్వండి. ట్రాప్ అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేనూ ఇన్నాళ్లు, అదొక పేరు, రాసుకోండి అని తప్పించుకున్నాను.

రిటైర్డ్ భూగోళం
చదవండమ్మా. నేనూ మొదటి పదేళ్లు అలాగే తప్పించుకున్నాను.

సియాటిల్ సూర్యాపేట
మాది సూర్యాపేట, ఉండేది సియాటిల్. ఇక్కడ కిటికీ తీస్తే నిజం అగ్నిపర్వతమే కనబడుతుంది, మబ్బు లేని రోజున. మౌంట్ రైనియర్, 4,392 మీటర్లు, నెత్తిన ఎప్పుడూ మంచు. దీని వరసను కాస్కేడ్ పర్వతాలు అంటారు. కెనడా నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా ఉంటుంది. ఇది మీరు చెప్పిన గోడ రకం కాదు సార్, సముద్రపు పలక ఖండం కిందికి దూరితే, అక్కడ పుట్టిన శిలాద్రవం పైకి వచ్చే రకం. అందుకే ఒక్కొక్కటి విడిగా శంకువులా నిలబడుతుంది. ఇదే వరసలోని సెయింట్ హెలెన్స్ 1980 మే 18న పేలితే 57 మంది చనిపోయారు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1792లో వాంకూవర్ అనే ఇంగ్లిష్ నావికుడు ఓడలోంచి ఈ కొండను చూసి తన స్నేహితుడు పీటర్ రైనియర్ పేరు పెట్టాడు. ఆ రైనియర్ ఈ కొండను జన్మలో చూడలేదు. రెండేళ్లకు, 1794లో, ఆయన తూర్పు సముద్రాల్లో ఇంగ్లిష్ నౌకాదళానికి పెద్దగా వచ్చి పదేళ్లకు పైగా పనిచేశాడు. ఎక్కడ అనుకున్నారు? మద్రాసు తీరంలో! మా ఆఫీసులో తెల్లవాళ్లకు ఈ మాట చెబితే నమ్మరు. మీ కొండ మనిషి మా వైపు సముద్రంలో తిరిగాడురా అంటాను. ఇక్కడి ఆదివాసులు ఆ కొండను తహోమా అనేవారు. కొండకు ఆ పేరు నిలవలేదు కానీ పక్కనున్న టకోమా ఊరికి అదే మిగిలింది.

పానగల్లు పోరడు
మన దగ్గర కూడా అంతే కదన్నా. పాలమూరు మహబూబ్‌నగర్ అయింది, మాట్లాడేటప్పుడు మాత్రం ఇంకా పాలమూరే.

రిటైర్డ్ భూగోళం
1890లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద. ఆయన కనీసం ఇక్కడి పాలకుడు.

నిర్వాహకులు
చర్చ బాగుంది, అమెరికా వైపు మరీ పోకండి. అసలు ప్రశ్న మన గుట్టల గురించి.

సియాటిల్ సూర్యాపేట
ఒక్క మాట చెప్పి ఆపేస్తా. కాస్కేడ్ అంటే నీటి దుముకు. కొలంబియా నదిలో కొండల నడుమ పెద్ద నీటి దుముకులు ఉండేవి, వాటిని బట్టి కొండలకు ఆ పేరు వచ్చింది. 1938లో బోన్‌విల్ డ్యామ్ కట్టాక ఆ దుముకులు నీళ్ల కింద మునిగిపోయాయి. పేరు కొండ మీద ఉంది, పేరుకు కారణం నీళ్ల అడుగున ఉంది. నాకు వెంటనే మా తాత చెప్పే ఏలేశ్వరం గుర్తొచ్చింది. నాగార్జునసాగర్‌లో మునిగింది కదా. ఇక ఆపాను.

బోరుబండి
నేను చదువుకున్నది పది వరకే. ఇరవై రెండేళ్లుగా బోరు బండి మీద ఉన్నా. ఈ ముచ్చట పొద్దుటి నుంచి చదువుతున్నా. మీరంతా పైనుంచి చూసి మాట్లాడుతున్నారు, నేను కిందికి దించి చూసిన సంగతి చెబుతా.

నల్లగొండ, మునుగోడు, దేవరకొండ వైపు బోరు వేస్తే పైన కొంచెం చెల్క మట్టి, తర్వాత మెత్తటి మొరం, ఆ తర్వాత గట్టి రాయి. కంప్రెసర్ గాలికి పైకి లేచే పొడి తెల్లగా పిండిలా ఉంటది. ఊరంతా పిండి చల్లినట్టు అయితది. మొగుళ్లు బోరు వేయిస్తుంటే ఆడవాళ్లు ఉతికిన బట్టలు లోపలికి తీసుకుపోతరు. వెయ్యి అడుగులు పోయినా అదే తెలుపు. నీళ్లు పడేది రాయిలో పగులు దొరికితేనే. పగులు దొరకలేదా, రైతు ముఖం కూడా ఆ పొడి లెక్కనే అయితది.

కానీ అప్పుడప్పుడు ఒక తమాషా. తెల్ల పొడి వస్తూ వస్తూ ఉన్నట్టుండి ముదురు బూడిద రంగు వస్తది, కొంచెం పచ్చ జీర కూడా. బిట్టు అరుగుదల మారుతది, హామర్ చప్పుడు మారుతది. కొన్ని అడుగులు పోయాక మళ్లీ తెలుపు. పైన చూస్తే ఆ చేను పక్కనే నల్ల గుండ్ల వరస తాడు పట్టి గీసినట్టు ఊళ్లకు ఊళ్లు దాటి పోతుంటది.

వికారాబాద్, పరిగి వైపు పోతే కథే వేరు. ముందు ఇటుక రంగు ఎర్ర రాయి, బొక్కలు బొక్కలు. దాని కింద సుద్ద లాంటి మెత్తటి మట్టి, అక్కడ కేసింగ్ దింపకపోతే గుంత కూలిపోతది. దాని కింద నల్ల రాయి. మధ్యలో మళ్లీ ఎర్ర మట్టి పొర, మళ్లీ నల్ల రాయి. రొట్టె మీద రొట్టె పెట్టినట్టు. లోతు ఊరికో రకం. బాగా కిందికి పోతే మళ్లీ మన తెల్ల పొడే వస్తది. అందుకే నేను మా పోరగాళ్లతో అంటుంటా, వికారాబాద్ కింద నల్లగొండ ఉందిరా అని.

రిటైర్డ్ భూగోళం
బోరుబండి గారూ, ముప్పై ఏళ్లు నేను నల్లబల్ల మీద గీసిన బొమ్మను మీరు ఒక్క వాక్యంలో చెప్పారు. లావా మన గ్రానైట్ మీదే పరుచుకుంది. మధ్యలో మీకు తగిలే ఎర్ర మట్టి పొర ఒక లావాకూ తర్వాతి లావాకూ మధ్య దొరికిన విరామంలో పైభాగం మాగి మట్టి అయినది. అంటే మధ్యలో గాలి, వాన, ఎండ అన్నీ ఉన్నాయి. కొన్నిచోట్ల చెరువులు కూడా ఉండేవి. పరిగి దగ్గర నస్కల్‌లో అలా రెండు లావా పొరల మధ్య పడిన మట్టిలో ఎలుక కన్నా చిన్న పాలిచ్చే జంతువు పళ్లు దొరికాయి. రాక్షసబల్లులు తిరిగిన కాలం నాటిది. 1988లో దానికి దక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. గది 7 బాబూ, ఇది రాసుకో.

పైనున్న ఇటుక రంగు రాయి లాటరైట్. అదీ లావాయే, వానలకు నానినాని, కరిగేవన్నీ కరిగిపోయి ఇనుము, అల్యూమినియం మిగిలి ఎర్రబడింది. బుకానన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు కేరళలోని అంగాడిపురంలో జనం దాన్ని ఇటుకల్లా కోయడం చూసి, 1807లో లాటిన్‌లో ఇటుక అనే మాట మీద ఆ పేరు పెట్టాడు. కాబట్టి ఎదురు మంచం నాయనా, నల్ల గుట్ట లావా కాలేదు, ఎర్ర గుట్ట అయింది.

ఎదురు మంచం
ఒప్పుకోను సార్. బోరుబండి అన్న చెప్పిన ముదురు పొడి సంగతి తేల్చండి. ఆ నల్ల గుండ్ల వరస ఏంటి? అది నల్లగొండలోనే ఉంది కదా?

తాండూరు బండ
మా లైన్‌లో దాన్ని బ్లాక్ గ్రానైట్ అని అమ్ముతారు. వంటింటి గట్టుకు వేసే నల్ల పలక. గ్రానైట్ అని పేరే కానీ గ్రానైట్ కాదని మాకూ తెలుసు. గిరాకీకి అదంతా చెప్పుకుంటూ కూర్చుంటే పలక అమ్ముడుపోదు.

రిటైర్డ్ భూగోళం
సరే, ఇక్కడ సగం మార్కు ఇస్తాను. అది డోలరైట్. గ్రానైట్ గట్టిపడ్డాక అందులో నిలువుగా పగుళ్లు పడి, వాటిలోకి కింది నుంచి శిలాద్రవం ఎక్కి గోడలా గడ్డకట్టింది. డైక్ అంటారు. రసాయనంగా బసాల్ట్‌కు సొంత తమ్ముడు. కానీ దక్కన్ లావా కన్నా వంద కోట్ల ఏళ్లకు పైగా పాతది. పైకి వచ్చి ఒకప్పుడు పొంగిందో లేదో, పొంగినా పైనున్నదంతా ఎప్పుడో కొట్టుకుపోయింది. మనకు మిగిలింది వేర్లు మాత్రమే. చెట్టు లేదు.

నీకు ఇంకో అర మార్కు కూడా ఇస్తా. మా పాలమూరు వైపు, ఇప్పటి నారాయణపేట జిల్లాలో, మద్దూరు, కోటకొండ దగ్గర కింబర్లైట్ గొట్టాలు ఉన్నాయి. నూరు కిలోమీటర్ల పైచిలుకు లోతు నుంచి దూసుకొచ్చిన శిలాద్రవం అది, దాదాపు 110 కోట్ల ఏళ్ల నాటిది. మీ నల్లగొండలో రామడుగు, వట్టికోడు దగ్గర లాంప్రాయిట్ అనే దాని చుట్టం ఉంది. అవి నిజంగా అగ్నిపర్వతాల జాతే. అయితే కొండల్లా ఉండవు. చేను మధ్య నేలకు సమంగా ఉంటాయి, తెలియనివాడు దాని మీద నుంచే నడిచి వెళ్లిపోతాడు.

ఎదురు మంచం
అర ప్లస్ అర ఒకటి. గది 7, చూశావా?

గ్రూప్స్ గది 7
కింబర్లైట్ పేరు ఎక్కడిది సార్?

రిటైర్డ్ భూగోళం
దక్షిణాఫ్రికాలో కింబర్లీ ఊరు, వజ్రాల గనులు. ఆ ఊరికి ఆ పేరు లండన్‌లో వలసల మంత్రిగా ఉన్న లార్డ్ కింబర్లీ మీద పెట్టారు. సియాటిల్ బాబు కొండకు మద్రాసు నౌకాధిపతి పేరు, మన కోటకొండ చేను కింది రాయికి లండన్ దొర పేరు. ఇద్దరూ వచ్చి చూసింది లేదు.

చెల్క రైతు
మాది మర్రిగూడ వైపు. మీరు రాళ్ల వయసులు లెక్కేస్తున్నారు, ఈ గ్రానైట్ మమ్మల్ని ఏం చేసిందో కూడా రాయండి. ఆ రాయిలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి, లోతు బోర్లలోంచి అదే నీళ్లలోకి వచ్చింది. మా నాయన ముందటి తరం కాళ్లు చేతులు వంకర్లు పోయింది దానితోనే. ఇప్పుడు కృష్ణ నీళ్లు నల్లాలో వస్తున్నాయి కాబట్టి పిల్లలు బాగున్నారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని పేరు. పేర్ల గురించి కదా మాట్లాడుతున్నారు, ఇదీ ఒక పేరే.

బోరుబండి
అన్నా, ఈ మాటకు నేను తల దించుకోవాలి. బోరు ఎంత లోతుకు పోతే అంత నీళ్లు అని మేమే చెప్పినం.

చెల్క రైతు
నిన్ను అనలేదు తమ్మీ. నీళ్లు లేనప్పుడు ఎవరైనా ఇంకా దించు అనే అంటారు.

నేల సంగతి ఒకటి చెబుతా, సార్ సరిచేయాలి. మాది చెల్క, ఎర్ర దుబ్బ. గ్రానైట్ అరిగితే వచ్చేది అదే. మా మేనమామది తాండూరు వైపు, అక్కడ నల్లరేగడి, కంది బాగా పండుతది. ఎండాకాలం పగుళ్లలో కాలు ఇరుక్కుంటది. చిన్నప్పుడు మా గొర్రెపిల్ల ఒకటి అట్లనే ఇరుక్కుంది.

రిటైర్డ్ భూగోళం
సరిచేయడానికి ఏమీ లేదు. కలిపేది మాత్రం ఒకటుంది. పుస్తకాల్లో నల్ల నేలను రేగూర్ అని రాస్తారు. దేశమంతా పిల్లలు ఆ మాట బట్టీ కొడతారు. అది మన రేగడే. తెలుగు రైతు నోటి మాట ఇంగ్లిష్ పుస్తకంలోకి పోయి రేగూర్ అయి, మళ్లీ తెలుగు పుస్తకంలోకి రేగూర్ మృత్తిక అని తిరిగొచ్చింది. పక్కనే బ్రాకెట్లో నల్లరేగడి అని రాస్తారు, అదేదో వేరే మాట అయినట్టు! నాకు అక్కడ నవ్వు ఆగదు.

గోదారి గట్టు
రాజమండ్రి నుంచండీ. మా దగ్గరా ఉంది ఈ లావా. గోదారికి ఇటు కాటేరు, అటు పంగిడి. కంకర క్వారీల్లో నల్లగా గోడలు గోడలుగా కనిపిస్తుంది. మధ్యలో మీకేమీ లేకుండా మా దాకా ఎలా వచ్చిందండీ?

రిటైర్డ్ భూగోళం
దాని మీద చాలా వాదం నడిచింది. పడమటి లావా పాత నదీ లోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్ల దాకా పారి సముద్రం ఒడ్డున తేలిందని చాలామంది అంటున్నారు. రెండు చోట్ల రసాయనం, వయసు, రాయిలో ముద్రపడిన అయస్కాంత దిశ సరిపోయాయి. అదే నిజమైతే భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా పారుదలల్లో అదొకటి.

గోదారి గట్టు
అంటే మేం కూడా సహ్యాద్రి వాళ్లమేనన్నమాట. వడాపావ్ పెట్టమంటారా ఇక్కడ?

దేవరకొండ టీచరమ్మ
సార్, ఒక ప్రశ్న. నదులు పడమటి కొండల్లో పుట్టి తూర్పుకు పారతాయని చెబుతాం కదా. మన మూసీ కూడా ఆ లావా మీదే పుడుతుందా?

రిటైర్డ్ భూగోళం
అమ్మా, ఈ ప్రశ్న కోసమే నేను పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాను.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పుడుతుంది, అనంత పద్మనాభస్వామి గుడి ఉన్నచోట. ఆ గుట్టల నెత్తిన ఎర్ర లాటరైట్, కింద బసాల్ట్. ఎర్ర రాయిలో ఇంకిన వాన నీరు ఊటలై బయటికి వస్తుంది. అక్కడి నుంచి హైదరాబాద్ మీదుగా గ్రానైట్ గుండ్ల మధ్య నుంచి మీ నల్లగొండకు వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

కృష్ణ ఎక్కడ పుట్టింది? మహాబలేశ్వరంలో. అక్కడా కొండ నెత్తిన ఎర్ర లాటరైట్, కింద బసాల్ట్. అదే లావా, అదే టోపీ. ఒకటి దాని మందమైన పడమటి అంచు, ఇంకొకటి పల్చని తూర్పు అంచు. ఒక చెల్లె పొడుగు దారి పట్టి మక్తల్ వైపు నుంచి తెలంగాణలోకి వచ్చింది, ఇంకో చెల్లె అడ్డదారిన హైదరాబాద్ మీదుగా వచ్చింది. ఇద్దరూ కలిసేది మీ జిల్లాలో, అగస్త్యేశ్వరుడి గుడి దగ్గర. 1980లలో పదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకెళ్లి ఈ మాట చెబితే, ఒకడు లేచి, సార్ బస్సు వెళ్లిపోతుంది అన్నాడు. నిజంగానే వెళ్లిపోయింది. రాత్రి గుడి దగ్గరే పడుకున్నాం.

పానగల్లు పోరడు
ఆ ఒకడు నేను కాదు సార్. నేనప్పటికి పుట్టలేదు.

గ్రూప్స్ గది 7
అప్‌డేట్. ఆదివారం ఇద్దరం అనంతగిరి పోయి వచ్చాం. వికారాబాద్ స్టేషన్‌లో దిగి షేర్ ఆటో. గుడి దగ్గర ఎర్ర రాయి సార్ చెప్పినట్టే ఇటుక లాగా ఉంది, గోరుతో గీకితే వేలికి అంటింది. కిందికి దిగాక రోడ్డు కోసిన చోట నల్లరాయి దొరికింది. ఉల్లిగడ్డ పొరల్లా ఊడిపోతోంది. ఒక ముక్కలో చిన్న చిన్న బొక్కలు, కొన్ని బొక్కల్లో తెల్లగా ఏదో నిండి ఉంది. అవేంటి సార్? ముక్క జేబులో వేసుకొచ్చాం.

రిటైర్డ్ భూగోళం
బొక్కలు లావాలోని గాలి బుడగలు. పైకి తప్పించుకోలేక అక్కడే ఉండిపోయాయి. తర్వాత నీళ్లు వాటిలో తెల్లటి ఖనిజం నింపాయి. జియోలైట్ కావచ్చు, కాల్సైట్ కావచ్చు. ఒక చుక్క నిమ్మరసం వేసి చూడు. నురగ వస్తే కాల్సైట్.

ఎదురు మంచం
నిమ్మకాయ లేదు సార్, మెస్‌లో అడిగితే పచ్చడి ఇచ్చారు. ఆ ముక్క, లతీఫ్ సాబ్ గుట్ట కింద ఏరిన ముక్క రెండూ పక్కపక్కన పెట్టి చూశా. రెండోది పగలగొడితే లోపల గులాబీ రంగు. ఒప్పుకుంటున్నా. కానీ డోలరైట్‌కు సగం, కింబర్లైట్‌కు సగం, ఆ ఒక్క మార్కు నాదే.

గ్రూప్స్ గది 7
మాక్ టెస్ట్ కీ కూడా వచ్చింది. నల్లగొండ జిల్లాలో ప్రధాన శిల ఏది అన్న ప్రశ్నకు వాళ్ల జవాబు బసాల్ట్! అభ్యంతరం పెట్టాను. ఇంకా జవాబు లేదు.

బోరుబండి
వాళ్లను నా దగ్గరికి పంపు తమ్మీ. బుధవారం చిట్యాల దగ్గర బోరు ఉంది, ఆరింటికి మొదలుపెడతాం. తెల్ల చొక్కా వేసుకుని రమ్మను.